మీ అమ్మాయి ఏ బడిలో చదువుతోంది, టీచరుగారూ?

విజయనగరం నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన పెద్ద ఉత్తరం ఇది. తన పేరు, బడి పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆనవాళ్లు తీసేసి, విషయం మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఊళ్లో తరాలుగా నడుస్తున్న ఒక ఆడపిల్లల బడిలో ఆమె తెలుగు చెబుతారు. ఆమె చదివిందీ అక్కడే, వాళ్లమ్మగారు చదివిందీ అక్కడే. ఒకటి నుంచి పది దాకా తరగతులు. ఒక ట్రస్టు నడుపుతోంది. ఒకప్పుడు ఎయిడెడ్ బడి, అంటే టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చేది. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకున్నప్పుడు సీనియర్ టీచర్లు అటు వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఫీజుల మీదే బండి నడుస్తోంది. రెండేసి సెక్షన్లు ఉండే తరగతులు ఒక్కోటి అయ్యాయి. జీతాలు ఒక్కోసారి నెల దాటి వస్తున్నాయి.

ఈ ఏడు కొత్తగా వచ్చిన కరస్పాండెంట్ గారు, మన బడి గురించి జనానికి తెలియడం లేదని, ఏప్రిల్‌లో కొత్త తల్లిదండ్రుల కోసం ఒక పరిచయ సభ పెట్టాలని తలపెట్టారు. ఆదివారం పూట, ఫంక్షన్ హాల్లో, ప్రొజెక్టరుతో. మాట బాగుంటుందని ఈమెనే మాట్లాడమన్నారు. దానికి ముందు సాయంత్రాలు ఇద్దరేసి టీచర్లు వీధులు పంచుకుని ఇంటింటికీ తిరగాలి. మనిషికి ఇన్ని అడ్మిషన్లని టార్గెట్. ఇంక్రిమెంటు దాన్నిబట్టే ఉంటుందని నోటిమాటగా చెప్పారు. కరపత్రం కూడా రాయించారు. అందులో నూరు శాతం ఫలితాలు, కట్టుదిట్టమైన క్రమశిక్షణ, అబ్బాయిలు లేని సురక్షిత వాతావరణం, ప్రవేశపరీక్ష ద్వారా ఎంపిక అని ఉంది. తెలుగు టీచరు కాబట్టి భాష సరిచూడమని ఆమె చేతికే ఇచ్చారు. నిరుడు పదో తరగతిలో ముగ్గురు తప్పారని ఆమెకు తెలుసు. ఆ ముగ్గుర్నీ వేసవిలో బడికే పిలిపించి చదివించామనీ, సప్లిమెంటరీలో పాసయ్యారనీ ఉత్తరంలో బ్రాకెట్లో ఒక్క వాక్యం రాశారు.

అసలు ఇబ్బంది ఇంట్లో ఉంది. ఆమె కూతురు ఏడో తరగతి, ఊళ్లోనే ఒక కార్పొరేట్ బడిలో. ఐఐటీ ఫౌండేషన్ కావాలని ఆరో తరగతిలో భర్త పట్టుబట్టి చేర్పించారు. ‘ఆడపిల్లల బడిలో వేస్తే దానికి లోకం తెలీదు’ అని అత్తగారు కూడా అన్నారట. అమ్మాయికి లెక్కలంటే ఇష్టం, అక్కడ స్నేహితులు కుదిరారు, బాగానే ఉంది. ఇంటింటికీ వెళ్తే మూడో మాటగా వచ్చే ప్రశ్న ఒకటే: ‘మీ అమ్మాయి ఏ బడిలో చదువుతోంది, టీచరుగారూ?’ ఈమె నవ్వి మాట మారుస్తున్నారు. సంగతి కరస్పాండెంట్ గారి దాకా వెళ్లింది. ‘ముందు మీ అమ్మాయిని తెచ్చి ఇక్కడ చేర్పించండి, తర్వాత మైకు పట్టుకుందురు గాని’ అన్నారు.

ఇంకొక సంఘటన ఆమెను నిద్రపోనివ్వడం లేదు. గుర్ల మండలం నుంచి ఒక తండ్రి వచ్చారు. ‘మీ బడిలో అయితే మగపిల్లలుండరు, ఫోనుండదు, మా గుంట బుద్ధిగా ఉంటాది. టెన్త్ అయిపోతే సంబంధం చూసేస్తాం’ అన్నారు. అడ్మిషన్ రాసుకున్నారు. ఆ రాసుకున్న చేయి తనదే అని ఆమె బాధ.

‘ఈ బడంటే నాకు ప్రాణం. అది మూతపడకూడదు. కానీ దాన్ని పదిమందికి పరిచయం చేయడానికి నాకు అర్హత ఉందా? మా అమ్మాయిని మాన్పించి ఇక్కడ చేర్చాలా? కరపత్రం సరిదిద్దనా, వద్దా? కాదంటే ఉద్యోగం ఉంటుందా?’ ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బడి గురించి జనానికి నిజం చెప్పడం ఎలా అన్నది ఒక విషయం. మీ అమ్మాయి చదువు ఇంకొకటి. మీ ఉద్యోగం మూడోది. ఈ మూడూ కరస్పాండెంట్ గారి ఒక్క మాటతో కలగలిసిపోయి మీ మీద పడ్డాయి. విడదీసి చూస్తే దేనికదే అంత భయపెట్టేదిగా ఉండదు. కరపత్రం చేతిలో ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

మీరు బ్రాకెట్లో పెట్టిన ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పది తప్పిన ఆడపిల్లకు మన జిల్లాల్లో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫలితాలొచ్చిన వారంలోనే ఇంట్లో మాట మారిపోతుంది. తోటివాళ్లు కాలేజీల గురించి మాట్లాడుకుంటుంటే ఈ పిల్ల గడప దాటదు. ఆ పిల్లల్ని సెలవుల్లో, మండే ఎండల్లో, పైసా రాని పనికి మీరు బడికి పిలిపించారు. కూర్చోబెట్టి చెప్పారు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ముగ్గురూ గట్టెక్కారు. పిల్ల తప్పితే వదిలేస్తారా, పట్టుకుంటారా అన్నది ఏ తల్లయినా బడి గురించి ముందు తెలుసుకోవాల్సిన సంగతి. మీ బడి దగ్గర దానికి జవాబుంది. ‘నూరు శాతం’ అని అచ్చు వేసిన రోజున ఆ జవాబు మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. ఎందుకంటే నూరు శాతమైతే ఆ ముగ్గురు పిల్లలు లేనట్టే కదా. పైగా ఆ ముగ్గురూ ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల చుట్టాలూ ఊళ్లోనే ఉన్నారు. కరపత్రం గంటస్తంభం దాటకముందే అబద్ధం బయటపడుతుంది.

‘నిరుడు ముగ్గురు తప్పారు. వేసవిలో మా టీచర్లే చదివించారు. ముగ్గురూ పాసై ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు’ అని రాయండి. పేర్లు వద్దు. ఇంటర్‌లో చేరారో లేదో కనుక్కుని, చేరితేనే ఆ మాట రాయండి. చేరని పిల్ల ఉంటే ముందు ఆ ఇంటికి వెళ్లండి, క్యాన్వాసింగ్ తర్వాత. శాతాల మోజు గురించి ఇంకొక్క సంగతి. 2022 ఏప్రిల్‌లో మన నుంచి విడిపోయిన పార్వతీపురం మన్యం జిల్లా 2024లోనూ, 2025లోనూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలోనే మొదట నిలిచింది. అక్కడ ఎందరో పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ బడుల్లో చదివేవాళ్లే. ఉత్తీర్ణత శాతం చూపించి లక్షల ఫీజులడిగే రోజులు కావివి. తల్లిదండ్రులకూ అది తెలుస్తోంది.

ప్రవేశపరీక్ష మాట మాత్రం కరపత్రంలోంచి తీసేయించాల్సిందే. ఇందులో మీ ఇష్టం, నా ఇష్టం లేవు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి లోపు చేరే పిల్లకు గాని, తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. కరస్పాండెంట్ గారికి దురుద్దేశం ఉండకపోవచ్చు. పరీక్ష పెడితే బడికి గిరాకీ ఉన్నట్టు కనిపిస్తుందని అనుకుని ఉంటారు. జరిమానా మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. కరపత్రంలో సరిదిద్దాల్సినవన్నీ ఒకేసారి ముందు పెడితే ఆయనకు మీరు ఎదురు తిరిగినట్టు అనిపించవచ్చు. అందుకే దీంతో మొదలుపెట్టండి. బడిని కాపాడే మాట కాబట్టి వింటారు. ఆ తర్వాత నూరు శాతం సంగతి ఎత్తవచ్చు.

బడి ఎంత పాతదో చెప్పడానికి కరపత్రంలో సగం పేజీ పోయిందని రాశారు. మీ ఊళ్లో పాతదనానికి కొదవ లేదమ్మా. కోట 1713 నాటిది. మహారాజా కాలేజీ 1879లో వచ్చింది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆ వీధుల్లో పుట్టి పెరిగిన తల్లికి బడి వయసు చెబితే ‘అవునా’ అని ఊరుకుంటుంది. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం గారు ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు, అసలు ఆడపిల్లకు చదువెందుకన్నది ఇంట్లో గొడవ. ఇవాళ ఆ గొడవ లేదు. ఎక్కడ, ఎంతకు, ఎందాకా అన్నవే ప్రశ్నలు. బడి వయసు ఈ ప్రశ్నలకు పనికొచ్చేలా చెప్పాలి. సిరిమాను పండక్కి పుట్టింటికొచ్చే మీ పూర్వ విద్యార్థినుల్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో మీకు తెలుసు కదా. అమెరికాలో ఉన్నావిడ ఫోటో ఒక్కటీ పెద్దగా వేసి సరిపెట్టకండి. ఆస్పత్రిలో నర్సుగా ఉన్నామె, వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిన పిల్ల ఉంటే వాళ్లను పిలవండి. రోజూ కళ్లముందు కనబడే మనిషి ‘నేనూ ఇక్కడే చదివాను’ అంటే ఆ మాటకు బరువుంటుంది.

తల్లులు చూడాలనుకునేది వేరే ఉంటుంది, మొహమాటపడి అడగరు. మరుగుదొడ్లు. తలుపుకు గడియ పడుతుందా, కుళాయిలో నీళ్లొస్తాయా, లోపల బకెట్టు, మగ్గు ఉన్నాయా, నెలసరి సమయంలో వాడిన ప్యాడ్ పడేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా. ఐదో తరగతి దాటిన ఆడపిల్ల పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చి బాత్రూంలోకి పరుగెత్తడం ఎన్నో ఇళ్లలో తల్లులు చూస్తున్నదే. ప్రొజెక్టరులో కప్పులూ షీల్డులూ చూపించే ముందు, వచ్చిన తల్లుల్ని అక్కడికి తీసుకెళ్లండి. బాగోకపోతే ఈ నెలలోనే బాగు చేయించమని కరస్పాండెంట్ గారిని అడగండి. ఫంక్షన్ హాలు అద్దెలో సగం కూడా పట్టదు. రెండోది సాయంత్రం సంగతి. గంట కొట్టాక ఆఖరి ఆటో వెళ్లేదాకా గేటు దగ్గర ఎవరుంటారు? ఆటో రాకపోతే పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? ఇంటికి ఫోను ఎవరు చేస్తారు? మీ ఆయమ్మగారికి ప్రతి పిల్ల పేరూ, వాళ్లను తీసుకెళ్లే మనిషి మొహమూ తెలుసని రాశారు. అయితే ఆ రోజు ఆవిణ్ని వేదిక మీద కూర్చోబెట్టండి. ‘సురక్షిత వాతావరణం’ అని అచ్చు వేసే బదులు, గేటు దగ్గర ఏం చేస్తారో ఆవిణ్ని నాలుగు మాటల్లో చెప్పమనండి.

అందుకే సభ ఫంక్షన్ హాల్లో, ఆదివారం పూట వద్దనే నా సలహా. హాల్లో అయితే కుర్చీలు నిండినట్టుంటాయి, ఫోటోలు బాగా వస్తాయి, పెచ్చులూడిన గోడలు కనబడవు. కానీ వాళ్లు చేర్చేది ఆ గోడల మధ్యనే కదా, జూన్‌లో చూడరా? వేసవి సెలవులివ్వక ముందు, ఒక పనిదినం పొద్దుట పూట బడిలోనే పెట్టండి. ప్రార్థన జరుగుతుండగా తల్లిదండ్రులు వచ్చేలా చూసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇద్దరు ముగ్గురు తల్లుల్ని అప్పగించి బడంతా తిప్పి చూపించమనండి. పక్కన టీచరు ఉండకూడదు. పిల్లలు నోటికొచ్చింది చెబుతారు, వరండా కారుతుందని కూడా చెబుతారు. చెప్పనివ్వండి. పనిదినమైతే కూలికెళ్లేవాళ్లు, ఉద్యోగస్తులు రాలేరన్న మాట నిజమే. వాళ్ల కోసం ఒక శనివారం సాయంత్రం గేటు తెరిచి ఉంచితే సరిపోతుంది.

ఆడపిల్లలకే బడి అన్న విషయాన్ని ఎలా చెప్పాలో మీరు సూటిగా అడగలేదు గాని, ఉత్తరమంతా ఆ తడబాటు ఉంది. ఆడపిల్లల బడిలో చేరిస్తే మార్కులు పెరుగుతాయని ఎక్కడా అనకండి. అది బడిని బట్టి, పిల్లను బట్టి మారుతుంది. మీరు రోజూ చూస్తున్నది చెప్పండి. సైన్సు ఎగ్జిబిషన్‌కు బల్లలు మోసేది ఆడపిల్లే, వైర్లు కలిపేదీ ఆడపిల్లే. ఆగస్టు 15న కవాతుకు ముందు నడిచేది, కబడ్డీలో కెప్టెను, లెక్కల్లో ముందు చెయ్యెత్తేది, తప్పు చెబితే వెనక బెంచీ నుంచి నవ్వేది, అంతా వాళ్లే. ‘ఈ పని మగపిల్లలు చేస్తారులే’ అని పక్కకు జరగడానికి అక్కడ ఎవరూ లేరు. నాకు ఆడపిల్లల బడి మీద ఉన్న ఇష్టమంతా దీని మీదే. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఇంటర్‌కు వెళ్లగానే అబ్బాయిలు, గుంపు, పెద్ద కాలేజీ ఒక్కసారిగా ఎదురవుతాయి. కొందరు పిల్లలు మొదటి నెలల్లో మూగబోతారు. మీ అత్తగారి మాటలో ఆ మేరకు నిజముంది. పదో తరగతిలో మీ బడి దానికి ఏం తయారీ చేయిస్తోందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదైనా ఉండాలి. ఇంటర్ చదువుతున్న పూర్వ విద్యార్థినుల్ని పిలిచి మాట్లాడించినా చాలు.

ఇప్పుడు గుర్ల నుంచి వచ్చిన ఆ తండ్రి. మీరు అడ్మిషన్ రాసుకోవడం తప్పని నేను అనను. రాసుకోకపోతే ఆ పిల్ల ఇంకో బడికి వెళ్లేది, లేదా ఏ బడికీ వెళ్లేది కాదు. కానీ కరపత్రంలో ‘అబ్బాయిలు లేని’, ‘కట్టుదిట్టమైన’ అన్న మాటలు పక్కపక్కనే పెడితే ఆయనలాంటి వాళ్లకు అది పెళ్లి దాకా పిల్లను దాచిపెట్టే చోటుగానే వినిపిస్తుంది. బడి తనను తాను అలా అమ్ముకోకూడదు. ఆ మాటలు తీసేయించండి. ఆయన మళ్లీ వచ్చినప్పుడు, సంతకాల వేళ కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పండి: ‘బాబూ, మీ అమ్మాయి మా దగ్గర చదివితే పదితో ఆపించం. ఇంటరో, పాలిటెక్నికో, నర్సింగో దాకా వెంటపడతాం. ఫారాలు మేమే నింపిస్తాం. అది మీకిష్టమైతేనే చేర్పించండి.’ పది పూర్తయ్యేసరికి ఆ పిల్లకు 15, 16 ఏళ్లుంటాయి. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేస్తే, చేసిన పెద్దలకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ సంగతి బెదిరింపుగా ఇప్పుడే చెప్పనక్కర్లేదు. కానీ మీకు తెలిసి ఉండాలి. అవసరం పడిన రోజున పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సింది మీరే కావచ్చు. ఆయన కోపం తెచ్చుకుని అడ్మిషన్ వాపసు తీసుకుంటే? తీసుకోవచ్చు. ఎక్కువమంది తీసుకోరు. కూతురి గురించి టీచరు ఇంత పట్టించుకుంటోందని లోలోపల మెత్తబడతారు, పైకి ఒప్పుకోకపోయినా.

డబ్బు విషయం క్లుప్తంగా. తల్లికి వందనం పథకం కింద 2025లో పిల్లకు 13,000 రూపాయల చొప్పున ఖాతాల్లో పడింది కదా, ఫీజు దాంతో కట్టేయొచ్చని చాలా బళ్లు చెబుతున్నాయి. మీరు చెప్పకండి. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది, పథకాల పేర్లూ మారతాయి, పడే నెలలూ మారతాయి. అది తల్లి డబ్బు, బడి డబ్బు కాదు. ఏడాది ఫీజు మొత్తం, పుస్తకాలు, యూనిఫాం, ఎన్ని వాయిదాలు అన్నది కాగితం మీద రాసివ్వండి. ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అర్హులు కనబడితే ఆ దరఖాస్తు గురించి మీరే చెప్పండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నెల్లిమర్ల, గజపతినగరం వైపు పిల్లలకు కూడా మీ బడి ఇప్పుడు దగ్గరైంది. ఆ బస్సులు ఎన్నింటికి ఉన్నాయో చూసుకుని సాయంత్రం బడి వదిలే వేళ సర్దగలరేమో కరస్పాండెంట్ గారిని అడగండి. వీధులు తిరిగిన దానికన్నా ఎక్కువ మంది వస్తారని నాకనిపిస్తోంది.

ఇక మీ అమ్మాయి. ఉత్తరంలో ఆ పిల్ల గురించి రాసినవన్నీ వేరే వాళ్ల మాటలే. ఆయన ఇలా అన్నారు, అత్తగారు అలా అన్నారు, కరస్పాండెంట్ గారు ఇలా అన్నారు. అమ్మాయి ఏమంది? ఒక్క మాటా లేదు. ఏడో తరగతి పిల్లకు ఒక ఇష్టం ఉంటుంది, చెప్పడానికి నోరూ ఉంటుంది. మీకున్న దారులు ఇవి. ఆమె ఉన్నచోటే ఉంటుంది, మీరు ఎవరడిగినా ఉన్నమాట చెబుతారు. దీనివల్ల కొందరు పెదవి విరుస్తారు, కరస్పాండెంట్ గారు కొన్నాళ్లు గుర్రుగా ఉంటారు. లేదా ఆమెను తెచ్చి మీ బడిలో చేరుస్తారు. మీకు రేపటి నుంచి మాట తేలికవుతుంది, సిబ్బంది పిల్లలకు ఫీజు రాయితీ ఉంటే ఖర్చూ తగ్గుతుంది. కానీ కుదురుగా ఉన్న చోటు నుంచి, స్నేహితుల నుంచి, ఇష్టపడుతున్న లెక్కల నుంచి పిల్లను తీసుకొచ్చింది అమ్మ ఉద్యోగం కోసమని ఆమెకు తెలుస్తుంది. అందులోనూ టీచరమ్మ కూతురుగా. మార్కులొస్తే వాళ్లమ్మ వేసిందంటారు, రాకపోతే వాళ్లమ్మ టీచరై ఉండి కూడా అంటారు. మీ భర్తతో గొడవ సరేసరి. మూడో దారి, ఆమెను ఆ పరిచయ రోజున మీ బడికి తీసుకెళ్లడం. మీ కూతురుగా పరిచయం చేయకుండా, మిగతా పిల్లల్తోపాటు తిరిగి చూడనివ్వండి. రాత్రి అన్నాల దగ్గర ఏమనిపించిందని అడగండి. తనే వస్తానంటే అది వేరే సంగతి. అప్పుడు ఆయనతో మాట్లాడటానికీ మీకు బలముంటుంది. నా మనసులో మాట అడిగితే, తనంతట తాను రానన్న పిల్లను తీసుకురావద్దంటాను. మీరు బడికి ఉద్యోగి, ఆ పిల్ల కాదు.

అర్హత ఉందా అని అడిగారు. ఉంది. ఆ బడిలో చదివారు, ఆ బడిలో చెబుతున్నారు, తప్పిన పిల్లల్ని పట్టుకున్నారు. ఇంకేం కావాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడు నవ్వి మాట మార్చడం వల్లే అనుమానం వస్తోంది. నేరుగా చెప్పండి: ‘మా అమ్మాయి వేరే బడిలో ఉందమ్మా. ఐఐటీ ఫౌండేషన్ కోసమని మా ఇంట్లో అనుకున్నాం, దానికి అక్కడ బాగానే ఉంది. మా బడిలో ఆ కోచింగ్ లేదు. మీ అమ్మాయికి కావాల్సింది అదే అయితే మా దగ్గర దొరకదు. ఇక్కడ దొరికేది ఇదీ.’ ఆ తర్వాత దొరికేదేంటో చెప్పండి. మొదటిసారి అంటున్నప్పుడు గొంతు వణుకుతుందేమో, ఫర్వాలేదు. లేనిది లేదని చెప్పిన టీచరు, ఉన్నదని చెప్పిందాన్ని జనం నమ్ముతారు.

ఉద్యోగం గురించి భయం ఉత్తుత్తిది కాదు. జీతం ఆలస్యమయ్యే చోట ఇంక్రిమెంటు మాట ఎత్తితే ఎవరికైనా టెన్షనే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప బోధనకు సంబంధం లేని పనులకు టీచర్లను పెట్టకూడదంటుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్లి వాదిస్తే న్యాయం మీ వైపే ఉండొచ్చు గాని, ఒంటరిగా అడిగితే జూన్‌లో మీ పీరియడ్లు ఇంకొకరికి వెళ్లిపోనూవచ్చు. అందరు టీచర్లూ కలిసి అడిగితే వేరు. ముందు అడగాల్సింది టార్గెట్ గురించి. ‘తిరగడానికి నేను సిద్ధం, కానీ అడ్మిషన్లు రావడం రాకపోవడం నా చేతిలో లేదు. ఇంక్రిమెంటుకు దానికి ముడిపెట్టేటట్టయితే కాగితం మీద ఇవ్వండి’ అనండి. కాగితం మీద పెట్టమంటే చాలామంది ఆ మాటే మళ్లీ ఎత్తరు. మీ బదులు సభలో హెచ్‌ఎం గారో, పూర్వ విద్యార్థినో మాట్లాడతారంటే సంతోషంగా ఒప్పుకోండి. మైకు మీ చేతిలోనే ఉండాలని లేదు. మరీ ఊపిరాడకపోతే వేరే బడి చూసుకోవడం, డీఎస్సీకి చదవడం కూడా దారులే. కానీ మీ ఉత్తరం చదివితే మీకు వెళ్లాలని లేదు. ఉండి, అబద్ధం లేకుండా పని చేయాలని ఉంది. అది సాధ్యమేనని నా నమ్మకం.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే. మీకు ఇచ్చిన కరపత్రం పక్కన మీరు రాసిన కరపత్రం పెట్టి కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్లండి. వీలైతే హెచ్‌ఎం గారిని కూడా తీసుకెళ్లండి. చదివి వినిపించండి. ఆయన బడి కోసం తాపత్రయపడుతున్న మనిషని మీ ఉత్తరంలోనే కనబడుతోంది, కాబట్టి సగమైనా ఒప్పుకుంటారు. ప్రవేశపరీక్ష, నూరు శాతం, ఈ రెండు మాటలూ పోతే మిగతాది సర్దుకోవచ్చు. అవి ఉండాల్సిందేనని పట్టుబడితే, భాష సరిచూసి ఇచ్చేయండి గాని, వివరాలకు సంప్రదించండి అన్న చోట మీ పేరు, ఫోన్ నంబరు మాత్రం వేయనివ్వకండి.